నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఆడండి: ఓపెన్ వరల్డ్ ఫాంటసీ ఆటలు ఎలా ఆడాలి, వాటి గురించి ఎలా మాట్లాడాలి

మారోవిండ్ అనే ఆటలో సీడా నీన్ అనే చిన్న రేవు ఊరు దాటి బాట పట్టుకుని నడుస్తుంటే పైనుంచి ఒక కేక వినిపిస్తుంది. తల ఎత్తేలోగా ఒక మాంత్రికుడు ఆకాశం నుంచి రాలి, మీ కళ్లెదుటే నేలకు కొట్టుకుని ప్రాణం వదులుతాడు. అతని పేరు టార్హియెల్. దగ్గర మూడు మంత్రపత్రాలు, ఒక డైరీ దొరుకుతాయి. ఆ పత్రం చదివి దూకితే కొండలు దాటి ఎగిరిపోతారు. అయితే మంత్రం 7 సెకన్లే పనిచేస్తుంది, గాలిలో ఉండగానే తీరిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో మీరు ఇప్పుడే చూశారు. బతికి బయటపడాలంటే కిందికి వస్తున్నప్పుడు, నేల తాకక ముందే రెండో పత్రం చదవాలి.

ఈ కిటుకు ఆట మీకు ఎక్కడా చెప్పదు. ఏ బాణం గుర్తూ అటు చూపించదు. శవం దగ్గర ఆగి, డైరీ చదివి, ఆలోచించినవారికే తెలుస్తుంది. 2002లో వచ్చిన ఆట ఇది. ఆడినవారిని కదిపితే చాలామంది ఇప్పటికీ ముందుగా ఆ మాంత్రికుడి మాటే ఎత్తుతారు.

ఇలాంటి ఆటల సారమంతా అక్కడే ఉందని నా నమ్మకం. మన కళ్లతో చూసి, మన బుర్రతో తేల్చుకున్న చిన్న సంగతులే చివరికి మిగులుతాయి. వాటిని జారిపోనివ్వకుండా ఎలా ఆడాలో, ఆ తర్వాత నలుగురితో ఎలా పంచుకోవాలో వరసగా చెబుతాను. మొదటి పని: ఒక నోట్‌బుక్, పెన్ను తెచ్చి కీబోర్డు పక్కన పెట్టుకోండి. ఫోనులో రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఫోను చేతిలోకి తీసుకుంటే ధ్యాస మరెక్కడికో పోతుంది, ఆటలోని ఆ లోకం చెదిరిపోతుంది. కాగితమే మేలు.

ఏ ఆటతో మొదలుపెట్టాలి

ఈ కోవకు కొత్తవారికి నేను స్కైరిమ్ సూచిస్తాను, మారోవిండ్ ఉన్న ఎల్డర్ స్క్రోల్స్ వరసలోదే ఇది. 2011 నవంబరు 11న వచ్చింది. 2016లో మెరుగులు దిద్దిన స్పెషల్ ఎడిషన్ వచ్చింది, ఇప్పుడు మొదలుపెట్టేవారు అదే తీసుకోవాలి. ఎటు నడిచినా ఏదో ఒకటి ఎదురవుతుంది, పొరపాటు చేసినా ఆట మన్నిస్తుంది. కథ, మనుషుల మధ్య బంధాలు ముఖ్యమనుకునేవారికి 2015 నాటి విచర్ 3 సరైనది. ఓడి ఓడి నేర్చుకోవడంలో తృప్తి పొందే ఓపిక ఉంటే 2022 నాటి ఎల్డెన్ రింగ్ ఉంది.

చదవడం ఇష్టమై, పాత గ్రాఫిక్స్ అడ్డు కాకపోతే నేరుగా మారోవిండ్‌కే రండి. అలాగే 2001 నాటి జర్మన్ ఆట గోథిక్. దాని నియంత్రణలు మొండివి, అలవాటు కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కానీ అందులో ఊళ్లోవాళ్లు మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంటారు. కత్తి దూసి ఎదురుగా వెళ్తే దించమని హెచ్చరిస్తారు, అడగకుండా గుడిసెలోకి అడుగుపెడితే బయటికి పొమ్మంటారు. ఎల్డర్ స్క్రోల్స్ వరసలోదే అయిన 1996 నాటి డాగర్‌ఫాల్ 2009 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఉచితం కదా అని దానితో మొదలుపెట్టకండి. దాని నేలమాళిగలు ఎటు తిరిగినా ఒకేలా ఉండే చిక్కుదారులు, మొదటి ప్రయాణంలోనే విసుగు పుట్టిస్తాయి. వేరే ఆట ఒకటి పూర్తి చేశాక దాని దగ్గరికి వెళ్తే ఆ విస్తారమే ముచ్చటేస్తుంది.

ఏదైనా ఒక్కటే ఎంచుకోండి. ఒకేసారి రెండు ప్రపంచాల్లో తిరిగితే రెండింటి ఊళ్ల పేర్లూ గుర్తుండవు.

సెట్టింగుల్లో చేయాల్సిన పనులు కొన్నే. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, పేర్ల స్పెల్లింగ్ తెలియకపోతే తర్వాత నోట్‌బుక్‌లో వెతుక్కోలేరు. ఆటను ఎస్‌ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేయండి, తలుపు తెరిచిన ప్రతిసారీ లోడింగ్ కోసం ఎదురుచూసే బాధ తగ్గుతుంది. తల తిరుగుతుంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెర మీద దృశ్యం ఎంత వెడల్పున కనిపించాలన్నది, కాస్త పెంచి చూడండి. స్కైరిమ్‌లో వస్తువుల కదలికల లెక్క సెకనుకు 60 ఫ్రేములతో ముడిపడి ఉంది. మానిటర్ 144 చూపగలదని ఆ పరిమితి ఎత్తేస్తే గదిలోకి అడుగుపెట్టగానే బల్ల మీది గిన్నెలు వాటంతట అవే ఎగిరిపడతాయి. 60 దగ్గరే ఉంచండి. కష్టతరం ఎంత అన్న చోట తయారీదారులు పెట్టినదాన్ని మార్చకండి, మొదటి పది గంటలు అయ్యాక చూసుకోవచ్చు.

మీ పాత్రకు రెండు వాక్యాలు

పాత్రను తయారు చేసే తెర ముందు ముక్కు పొడవు సరిచేస్తూ గంటలు గడపాల్సిన పని లేదు. ఆ సమయంలో నోట్‌బుక్ మొదటి పేజీ మీద రెండు వాక్యాలు రాయండి. ఈ మనిషి ఎవరు? ప్రాణం మీదికి వచ్చినా చేయని పని ఏమిటి? నేను స్కైరిమ్‌కు రాసుకున్నది ఇది: వేటగాడి కూతురు, చేయని నేరానికి చేతులు కట్టించుకుంది. నిద్రపోతున్నవారి మీద చేయి వేయదు.

రెండో వాక్యమే ఆటను మార్చేస్తుంది. స్కైరిమ్‌లో దాక్కుని బాణం వేస్తే దెబ్బ రెండింతలు తగులుతుంది, తగిన పెర్క్, అంటే లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే ప్రత్యేక శక్తి, తీసుకుంటే మూడింతలు. అంత లాభం కనిపిస్తుంటే మంత్రగాడిగా మొదలైనవారు, గొడ్డలి పట్టినవారు కూడా చివరికి చీకట్లో నక్కే విలుకాళ్లుగా తేలతారు. ప్రతి గుహా ఒకేలా ముగుస్తుంది. మీ పాత్రకు ఒక హద్దు ఉంటే మాత్రం నిద్రలో ఉన్న బందిపోటు ఎదురైన ప్రతిసారీ ఆగి ఆలోచిస్తారు. ఆ ఆగడంలోంచే కథ పుడుతుంది. నెట్‌లో దొరికే అత్యుత్తమ బిల్డులను, అంటే పాత్రను ఎలా పెంచాలో చెప్పే సిద్ధ పథకాలను, మొదటిసారి చూడకండి. అవి ఇతరుల ప్రయాణాల సారాంశాలు, మీ ప్రయాణం ఇంకా మొదలు కాలేదు.

అంకెల విషయంలో ఒక్కో ఆటకు ఒక్కో మెలిక ఉంది. మారోవిండ్‌లో మీరు ఎంచుకున్న ఆయుధ నైపుణ్యానికి సరిపోయే ఆయుధమే పట్టాలి. పొడవు కత్తి నైపుణ్యం తీసుకుని చాకు పట్టుకుంటే వేసిన దెబ్బల్లో చాలావరకు గాలిలోకి పోతాయి. పైగా దెబ్బ తగిలే అవకాశం మీ అలసటను బట్టి కూడా మారుతుంది. పరుగెత్తితే అలసట పెరుగుతుంది. పరుగున వెళ్లి ఎలుక మీద పడి, దెబ్బ తగలడం లేదని ఆట వదిలేసినవారు ఎందరో. శత్రువు కనిపించగానే నడకకు మారండి, కాసేపు నిలబడి ఊపిరి తీసుకోండి, అప్పుడు కత్తి ఎత్తండి. ఆట మొత్తం వేరేలా అనిపిస్తుంది.

అదే ఎల్డర్ స్క్రోల్స్ వరసలోని 2006 నాటి ఆబ్లివియన్‌లో మీ లెవెల్ పెరిగేకొద్దీ లోకమూ బలపడుతుంది. దారిదోపిడీ చేసే మామూలు దొంగ కూడా కొంత కాలానికి ఖరీదైన గాజు కవచంలో ప్రత్యక్షమవుతాడు. ప్రధాన నైపుణ్యాల్లో కలిపి 10 మెట్లు ఎక్కి నిద్రపోతే లెవెల్ పెరుగుతుంది. దూకడం, పరుగెత్తడం వంటివి ప్రధాన నైపుణ్యాలుగా పెట్టుకుంటే పోరాటం నేర్చుకోకుండానే లెవెల్ పెరిగి, శత్రువులు మిమ్మల్ని దాటిపోతారు. ప్రధానంగా పోరాటానికి పనికొచ్చేవే పెట్టుకోండి. 2025లో వచ్చిన కొత్త రూపంలో లెవెల్ పద్ధతి మార్చారు, అక్కడ ఇంత జాగ్రత్త అక్కర్లేదు. ఎల్డెన్ రింగ్‌కు ఒక్క మాట చాలు: ప్రాణబలం పెంచే విగర్‌ను నిర్లక్ష్యం చేయకండి, మోసే బరువు 70 శాతం దాటనివ్వకండి. దాటితే దొర్లి తప్పించుకునే కదలిక బరువెక్కిపోతుంది.

మొదటి ఊరు వదలకండి

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. ఆట మొదలవగానే పెద్ద నగరం వైపు పరుగు తీస్తారు. మొదటి ఊరిలో కనీసం రెండు గంటలు గడపండి.

సీడా నీన్‌లోనే చూడండి. ఫార్గాత్ అనే అతను ఉంగరం పోయిందని వాపోతుంటాడు. అది మీరు వచ్చిన దారిలోనే, సుంకం కార్యాలయం పెరట్లో ఒక పీపాలో ఉంటుంది. ఇచ్చేస్తే పొంగిపోతాడు. అదే ఊళ్లో అంగడి మేడ మీద హ్రిస్కర్ అనే సైనికుడు, ఫార్గాత్ డబ్బు ఎక్కడ దాస్తాడో కనిపెట్టమని మిమ్మల్ని పురమాయిస్తాడు. చీకటి పడ్డాక దీపస్తంభం ఎక్కి నిలబడితే ఫార్గాత్ నక్కి నక్కి బురదనీటిలోకి దిగి ఒక చెట్టు మొద్దు దగ్గరికి వెళ్లడం కనిపిస్తుంది. వెళ్లి మొద్దులో చేయి పెడితే, పొద్దున మీరు ఇచ్చిన ఉంగరం మళ్లీ మీ చేతికే వస్తుంది. ఇప్పుడేం చేస్తారు? సైనికుడికి చెబుతారా, మొద్దు మూసి వెళ్లిపోతారా? నాలుగు గుడిసెల ఊళ్లో ఇంత ఉంది. దీన్ని వదిలి పరుగెత్తినవారికి ఆ ప్రపంచం బోసిగా కనిపించిందంటే తప్పు ప్రపంచానిది కాదు.

విచర్ 3లో వైట్ ఆర్చర్డ్ ప్రాంతాన్నీ ఇలాగే ఆసాంతం చూసి వదలండి. కానీ తర్వాత వచ్చే స్కెల్లిగే సముద్రంలో కనిపించే ప్రశ్నార్థకాలన్నీ వెతకాలనే పట్టుదల వద్దు. వాటిలో చాలా వరకు నీటిలో తేలే దొంగసరుకు పెట్టెలే, ఒకదానికీ మరోదానికీ తేడా ఉండదు. అన్నిచోట్లా నెమ్మదిగా ఉండమని నేను అనడం లేదు. చేయి పెట్టి కల్పించిన చోటు ఏదో, ఖాళీ నింపడానికి చల్లినది ఏదో నాలుగు చోట్లు చూస్తే మీకే తెలుస్తుంది.

దారి చూపే గుర్తుల సంగతి. మారోవిండ్‌లో అవి లేవు, మనుషులు నోటితోనే దారి చెబుతారు, మీ జర్నల్‌లో అది పడుతుంది. స్కైరిమ్‌లో గుర్తులు పూర్తిగా ఆపేస్తే చిక్కులో పడతారు, ఎందుకంటే అక్కడి మనుషులు గుర్తు ఉంటుందన్న ధైర్యంతోనే మాట్లాడతారు, దారి చెప్పరు. అందుకే నేను మధ్యేమార్గం పాటిస్తాను. మ్యాప్ తెరిచి గమ్యం ఎటుందో చూసి, నోట్‌బుక్‌లో దిక్కు రాసుకుని, జర్నల్‌లో ఆ క్వెస్ట్‌ను, అంటే ఆట అప్పగించిన పనిని, గుర్తు లేకుండా చేసి, నడుస్తాను. ఒక చోటి నుంచి మరో చోటికి ఎగిరి దూకే సౌకర్యాన్ని పక్కన పెట్టి, ఊరి బయట నిలబడే గుర్రపు బండ్లనే వాడండి. నడిచిన దారే మీది అవుతుంది.

స్కైరిమ్‌లో మొదటి గంటల్లోనే బ్లీక్ ఫాల్స్ బారో అనే కొండ మీది సమాధికి వెళ్తారు. అక్కడ మూడు చక్రాలున్న ఒక రాతి తలుపు అడ్డు వస్తుంది. ఒక్కో చక్రం మీద జంతువుల బొమ్మలు. చాలామంది ఇక్కడే ఆగి నెట్‌లో వెతుకుతారు. మీరు వెతకకండి. దీని సంగతి చివర మళ్లీ చెబుతాను.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

అన్నీ రాయకండి, రాయడమే పని అయిపోతుంది. నాలుగే రాయండి: మనిషి పేరు, కలిసిన చోటు, అన్న మాటల్లో వింతగా తోచిన ఒక్క మాట, మీకు అర్థం కానిది. ఆఖరిదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఎల్డెన్ రింగ్‌లో ఈ అలవాటు లేకపోతే సగం మనుషులు చేజారతారు. అందులో క్వెస్టుల జాబితా లేదు. విడుదలైన కొన్ని వారాలకు మ్యాప్ మీద మనుషుల గుర్తులు చేర్చారు, అయినా ఎవరు ఏమడిగారో గుర్తుపెట్టుకోవాల్సింది మీరే. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది: మిస్ట్‌వుడ్ శిథిలాలు, పైనుంచి తోడేలు ఊళ, ఎవరూ కనిపించలేదు, ప్రశ్నార్థకం. రెండు రోజుల తర్వాత ఎల్లే చర్చి దగ్గరున్న వ్యాపారి కాలేతో మాట్లాడితే ఆ ఊళ ప్రస్తావన వచ్చింది. చిటికె వేసే సైగ ఒకటి నేర్పాడు. పేజీ వెనక్కి తిప్పి చూసి మళ్లీ ఆ శిథిలాలకు వెళ్లి, ఊళ వినపడే చోట నిలబడి చిటికె వేశాను. గోడ మీదినుంచి ఒక భారీ ఆకారం నా ముందుకు దూకింది. ఆ క్షణంలో కలిగిన ఆనందం ఏ రాక్షసుడిని గెలిచినప్పుడూ కలగలేదు. ఆ ప్రశ్నార్థకం రాయకపోయి ఉంటే వ్యాపారి మాట గాలికి పోయేది.

పోరాటం ముందే మొదలవుతుంది

ఈ ఆటల్లో గెలుపోటములు చాలా వరకు కత్తి దూయక ముందే తేలిపోతాయి. వైట్ ఆర్చర్డ్‌లో పాడుబడ్డ ఊరి బావి దగ్గర ఒక మధ్యాహ్నపు ప్రేతం తిరుగుతుంటుంది. నేరుగా వెళ్లి కొడితే కత్తి పొగను కోసినట్టే ఉంటుంది. ముందు ఆ ఊళ్లో ఆధారాలు చూసి, ఆమె ఎవరో, ఎందుకు అక్కడే తిరుగుతోందో తెలుసుకోవాలి. జంతుపుస్తకం తెరిస్తే ప్రేతాలకు పనిచేసే నూనె, బాంబు ఏవో ఉంటాయి. యర్డెన్ అనే మంత్రపు గుర్తును నేల మీద వేస్తే ఆ వలయంలో ప్రేతానికి శరీరం ఏర్పడుతుంది, దెబ్బ తగులుతుంది. అదే ప్రేతం అప్పుడు రెండు నిమిషాల పని. పుస్తకం చదవడం ఇక్కడ కాలక్షేపం కాదు, ఆయుధానికి సాన పట్టడమే.

గోథిక్‌లో శిక్షణ కళ్లకు కనిపిస్తుంది. కత్తి నేర్వని రోజుల్లో మీ మనిషి ఒంటిచేతి కత్తిని రెండు చేతులా దుడ్డుకర్రలా పట్టుకుంటాడు. గురువు దగ్గర నేర్చుకున్నాక ఒక చేత్తో పడతాడు, అడుగు మారుతుంది, విసురు మారుతుంది. అంకె పెరిగిందన్న సంగతిని ఇంతకన్నా అందంగా చెప్పిన ఆట నేను చూడలేదు.

గెలవలేనిది ఎదురైతే వెనుదిరగండి. ఎల్డెన్ రింగ్‌లో బయట వెలుతురులోకి రాగానే బంగారు కవచం తొడిగిన ఆశ్వికుడు కనిపిస్తాడు. అతనితో అప్పుడే తలపడమని ఆట అడగడం లేదు. పక్కనుంచి నక్కి వెళ్లిపోండి. మెలీనా అనే యువతి కనిపించి మీకు వాహనంగా టొరెంట్ అనే గుర్రాన్ని ఇచ్చాక, కాస్త బలపడ్డాక తిరిగి రండి. స్కైరిమ్‌లో వెనుదిరగడానికి మరో లాభం ఉంది. ఒక గుహలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు మీ లెవెల్‌ను బట్టి అక్కడి శత్రువుల స్థాయి ఖాయమైపోతుంది. పారిపోయి, బలపడి తిరిగి వస్తే వాళ్లు అక్కడే ఉంటారు, మీరు ఎదిగి ఉంటారు.

సేవ్‌లు, బరువులు గురించి క్లుప్తంగా. ఎఫ్5 నొక్కితే క్విక్ సేవ్ అవుతుంది, కానీ అది పాతదాన్ని చెరిపేస్తుంది. గంటకొకసారి మెనూలోకి వెళ్లి విడిగా సేవ్ చేయండి, పెద్ద నిర్ణయానికి ముందు తప్పకుండా చేయండి. ప్రతి సంభాషణకూ వెనక్కి వెళ్లి వేరే జవాబు ఇచ్చి చూడడం మాత్రం మానుకోండి. ఎల్డెన్ రింగ్ ఆ అవకాశమే ఇవ్వదు, ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలోని ఒక శిథిలంలో పెట్టె తెరిస్తే పొగ కమ్మి ఎక్కడో దూరపు గనిలో తేలతారు. గని బయటికి వచ్చేదాకా వెనక్కి దూకే వీలుండదు. భయపడుతూ నడిచి బయటపడిన ఆ అరగంటే నాకు ఆ ఆటలో బాగా గుర్తున్న ఘట్టం. ఇక బరువు: స్కైరిమ్‌లో మొదట 300 మోయగలరు, లెవెల్ పెరిగినప్పుడు స్టామినా ఎంచుకున్న ప్రతిసారీ 5 పెరుగుతుంది. ఇనుప కత్తులన్నీ ఏరుకోకండి. బరువుకు తగ్గ విలువ లేనిదాన్ని అక్కడే వదిలేయండి.

మాడ్‌ల విషయంలో తొందర వద్దు

ఒక్కసారైనా ఆటను ఉన్నది ఉన్నట్టు ఆడాకే మాడ్‌ల, అంటే అభిమానులు ఆటకు చేసే మార్పుల, జోలికి వెళ్లండి. ఏది మారిందో తెలియాలంటే అసలు ఎలా ఉండేదో తెలియాలి కదా.

వెళ్లినప్పుడు ఈ క్రమం పాటించండి. ఆటను విండోస్ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాకుండా విడిగా పెట్టండి. మాడ్ ఆర్గనైజర్ 2 వంటి మేనేజర్ వాడండి, అది ఆట అసలు ఫోల్డర్‌ను ముట్టుకోకుండా మాడ్‌లను విడిగా దాస్తుంది. ముందు లోపాలు సరిదిద్దే మాడ్, తర్వాత మెనూలను మెరుగుపరిచే స్కైయూఐ వంటిది, ఆ తర్వాతే అందచందాలు. స్కైయూఐకి ఎస్‌కేఎస్‌ఈ అనే తోడు ప్రోగ్రామ్ కావాలి, దాని వెర్షన్ ఆట వెర్షన్‌తో సరిగ్గా కలవాలి. ఆట తనంతట తాను అప్‌డేట్ అయితే ఈ పొత్తు తెగిపోతుంది, కాబట్టి అప్‌డేట్లను మీ అదుపులో ఉంచుకోండి. ఒక్కో మాడ్ పెట్టి, ఆట తెరిచి, పది నిమిషాలు తిరిగి, అప్పుడు ఇంకొకటి పెట్టండి. ఒకేసారి నలభై పెడితే ఏది తేడా చేసిందో కనుక్కోవడం గడ్డివాములో సూది వెతకడమే. ప్రయాణం మధ్యలో మాడ్ తీసేయకండి. అది రాసిన స్క్రిప్టులు సేవ్‌లో ఉండిపోయి, ముప్పై గంటల తర్వాత కొంప ముంచుతాయి.

అభిమానుల శ్రమ ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే టామ్రియెల్ రీబిల్ట్ చూడండి. మారోవిండ్‌లో చూపని ప్రధాన భూభాగాన్ని అభిమానులు 2001లో, అంటే ఆట విడుదలకు ముందే, నిర్మించడం మొదలుపెట్టారు. నేటికీ కడుతూనే ఉన్నారు. స్కైరిమ్ ఇంజిన్ మీద కట్టిన ఎండెరాల్ అయితే ఏకంగా వేరే లోకం, వేరే కథ.

ఇక మాట్లాడడం

ఆట గురించి నలుగురితో మాట్లాడేటప్పుడు మొదటి మర్యాద, ఎదుటివారు ఎంతవరకు వచ్చారో అడగడం. ఆట పాతదైనంత మాత్రాన కథ చెప్పేసే హక్కు రాదు. ఇవాళ మొదలుపెట్టినవారికి అది ఇవాల్టి ఆటే. రాసేటప్పుడు ఏ ఆట, ఎంతవరకు కథ బయటపడుతుంది అన్నది మొదటి వరుసలోనే పెట్టండి.

సాయం అడిగేటప్పుడు ఆట ఎడిషన్, వెర్షన్, మాడ్‌ల జాబితా, ఇప్పటిదాకా చేసి చూసినవి చెప్పండి. ఆట ఆగిపోతోంది, ఏం చేయాలి అని మాత్రమే అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

వాదనకు దిగితే ఒక్క అంశం పట్టుకోండి. మారోవిండ్ గొప్పదా, స్కైరిమ్ గొప్పదా అన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. మారోవిండ్‌లో 27 నైపుణ్యాలు, ఆబ్లివియన్‌లో 21, స్కైరిమ్‌లో 18, కాబట్టి ఆటలు పలచబడుతున్నాయి అంటారు. అంకెలు నిజమే, కానీ అవి దేన్నీ తేల్చవు. దానికి బదులు గాలిలో తేలే మంత్రాన్ని తీసుకుని చూడండి. మారోవిండ్‌లో అది ఉంది. అందుకే టెల్వానీ మాంత్రికుల బురుజుల్లో కొన్నిచోట్ల మెట్లే ఉండవు, తేలలేనివాడు పై అంతస్తుకు అర్హుడు కాడన్నది వాళ్ల అహంకారం. కట్టడమే ఆ వర్గం స్వభావం చెబుతోంది. ఆబ్లివియన్‌లో పెద్ద నగరాలను బయటి లోకం నుంచి వేరుచేసి లోడ్ చేస్తారు. గోడ మీదుగా తేలి లోపలికి వెళ్లే వీలిస్తే లోపల నగరమే ఉండదు. మంత్రం పోయింది. దానివల్ల ఏం పోయింది, బదులుగా ఏం దక్కింది అని అడిగితే సంభాషణ సాగుతుంది. నా మట్టుకు నాకు ఆ మెట్లు లేని బురుజులే ఎక్కువ ఇష్టం. కానీ స్కైరిమ్ కొండల్లో మంచు కురుస్తుండగా నడిచిన రాత్రులను కాదనలేను.

ఆ లోకాల చరిత్ర గురించి వాదించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. తర్వాతి పేరా మారోవిండ్ కథలో ముఖ్యమైన సంగతులు చెబుతుంది. ఆడాలనుకునేవారు దాన్ని దాటి ముందుకు వెళ్లండి.

ఆ లోకపు ప్రాచీన వీరుడు నెరెవార్ రెడ్ మౌంటెన్ యుద్ధం తర్వాత ఎలా చనిపోయాడు? గుడి చెప్పే మాట, గాయాలతో పోయాడని. బూడిద నేలల్లో తిరిగే సంచార తెగల మాట, అతని సహచరులే చంపారని. రెండూ ఆటలోని పుస్తకాల్లో, మనుషుల నోట్లో ఉన్నాయి, ఆట మాత్రం తీర్పు చెప్పదు. డ్వెమర్ అనే ప్రాచీన జాతి మొత్తం ఒక్క క్షణంలో ఎలా మాయమైందన్నదీ అంతే. ఆ జాతిలో మిగిలిన ఒకే ఒక్కడు, యాగ్రమ్ బగార్న్, టెల్ ఫిర్ బురుజు కింద రోగుల మధ్య ఉంటాడు. వెళ్లి అడిగితే ఆ సమయంలో తాను వేరే లోకంలో ఉన్నానని, తిరిగి వచ్చేసరికి ఎవరూ లేరని చెబుతాడు. కాబట్టి ఆటలో ఇలా ఉంది అని రాయకండి. ఫలానా పుస్తకంలో ఉంది, రాసినవాడు గుడి మనిషి, అతనికి ఇలా చెప్పే అవసరం ఉంది అని రాయండి. సాక్షి ఎవరో చెప్పినప్పుడే మీ వాదనకు విలువ. డాగర్‌ఫాల్‌కు పలు ముగింపులున్నాయి. తర్వాతి ఆటలు వాటిలో ఒకటి ఎంచుకోకుండా, కాలమే చీలి అన్నీ జరిగాయని చెప్పాయి. అలాంటి లోకంలో ఒక్కటే నిజమని పట్టుబట్టడం కష్టం. పాత పుస్తకాల పాఠాలు చూడాలంటే 1995 నుంచి అభిమానులు నడుపుతున్న యూఈఎస్‌పీ అనే వెబ్‌సైట్ ఉంది. అయితే మీరు ఆ పుస్తకం ఆటలో చదివి ఉంటే, ఎక్కడ దొరికిందో కూడా చెప్పగలరు. ఎవరి మంచం కింద ఉందన్నది ఒక్కోసారి పుస్తకం కన్నా ఎక్కువ చెబుతుంది.

చివరగా, కొత్తవారు అడిగినప్పుడు. బ్లీక్ ఫాల్స్ బారో తలుపు దగ్గర ఆగిపోయాను, చక్రాలు ఏ వరుసలో తిప్పాలి అని ఎవరైనా అడుగుతారు. మూడు జంతువుల పేర్లు చెప్పేయడం ఒక్క నిమిషం పని. చెప్పకండి. ఆ తలుపు తెరిచేందుకు నీ దగ్గర ఏముంది అని ముందు అడగండి. బంగారు పంజా ఉంది అంటారు. దాన్ని ఇన్వెంటరీలో తెరిచి చూశావా అని అడగండి. చూశాను, పంజాయే అంటారు. మౌస్‌తో తిప్పి అరచేతి వైపు చూడు అనండి.

కాసేపు జవాబు రాదు. ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లో ఆశ్చర్యార్థకాలు తప్ప ఇంకేమీ ఉండవు. దాన్ని మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.